ఐలమ్మ వేషం కట్టాలంటే ముందుగాల ఐలమ్మను తెలుసుకోవాలె

సెప్టెంబర్ నెల వచ్చిందంటే మన బడులల్ల, చౌరస్తాలల్ల ఐలమ్మలు కనవడ్తరు. 10వ తారీఖు వర్ధంతి, 26వ తారీఖు జయంతి. పిల్లలకు చీర గట్టి, చేతుల కట్టె వెట్టి, నిలవెట్టి ఫొటోలు దిగుతరు. మంచిదే. పదిహేనేండ్ల కింద ఏ బడిల ఐలమ్మ ముచ్చట ఉన్నది? ఇయ్యాల కోఠిల ఉన్న మహిళా విశ్వవిద్యాలయానికి 2024ల ఆమె పేరే వెట్టిన్రు. గింత దూరం వచ్చినం.

గని ఆ ఫొటోలు ఒక్కసారి పక్కపక్కన వెట్టి సూడుర్రి. రెండే రకాల ఐలమ్మలు ఉంటరు. ఒక ఐలమ్మ మెరిసే జరీ అంచు చీర, ఒంటి నిండ సొమ్ములు, నడుముకు వడ్డాణం. పెండ్లికి వోతున్నట్టు ఉంటది. ఇంకో ఐలమ్మ చినిగిన చీర, దాని మీద అతుకులు, మొఖానికి నల్ల రంగు, చింపిరి జుట్టు. అడుక్కునేటందుకు వచ్చినట్టు ఉంటది. రెండూ ఐలమ్మ కాదు. మొదటిది ఆమెను దొరసానిని చేసింది. రెండోది, బీదోళ్లు అంటే గిట్లనే ఉంటరని దొర అనుకున్నట్టే అనుకున్నది.

నేను ఇరవై ఏండ్ల సంది కళాబృందాలతోని, ప్రజాసంఘాలతోని తిరుగుతున్న. డ్రామా కోర్సు సదివినోణ్ని కాదు. వేషం కట్టుడు అనేది పాత కళాకారుల పక్కన కూసోని, ముసలవ్వలను అడిగి, దొరికిన పుస్తకం సదివి నేర్సుకున్న. ఒక పాత్రకు వేషం ఎట్ల తయారు చెయ్యాలె, దానికి ఏం ఎతకాలె, ఎక్కడ ఎతకాలె అని చానమంది సార్లు, మేడంలు అడుగుతుంటరు. అందుకే ఐలమ్మనే ఉదాహరణగ తీసుకోని ఒక్కొక్కటి చెప్త. ఈ పద్ధతి దొడ్డి కొమురయ్యకైనా, సావిత్రిబాయికైనా, ఎవలికైనా పనికొస్తది.

వేషం అంటే బట్టలు కాదు

ముందుగాల ఒక మాట. వేషం గట్టుడు మనకు కొత్త విద్య కాదు. చిందు భాగోతులను సూడుర్రి. తేలికైన పొనికి కట్టెతోని కిరీటాలు, భుజకీర్తులు చేస్తరు. వాటికి అద్దాలు అతికిస్తరు. మొఖానికి అర్దళం పూస్తరు. తెర తీస్తనే వచ్చింది దేవుడా, రాక్షసుడా, రాజా అన్నది దూరంగ కూసున్న ముసలామెకు గూడ తెలిసిపోతది. చిందు ఎల్లమ్మ లాంటి మహా కళాకారిణి ఆ విద్యతోనే మొగ వేషాలు గూడ కట్టి మెప్పించింది. అదే చిందు యక్షగానానికి 2024ల గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చింది. గిది తరాల సంది వచ్చిన శాస్త్రం. సదువుకున్నోళ్లు దీన్నే ఆహార్యం అంటరు. మనం వేషం అంటం.

పురాణ పాత్రకు ఒక పద్ధతి ఉన్నది. కృష్ణుడంటే నెమలి పింఛం. ఇగ దాన్ని మార్చేది లేదు. గని ఐలమ్మ పురాణం కాదు. ఆమె మన నడుమ బతికిన మనిషి. 1985 దాక బతికే ఉన్నది. ఆమె బిడ్డల బిడ్డలు ఇయ్యాల మన ముంగట తిరుగుతున్నరు. అసొంటి మనిషి వేషం గట్టేటప్పుడు ఊహ తక్కువ ఉండాలె, ఎతుకులాట ఎక్కువ ఉండాలె.

మొదటి ప్రశ్న: ఏ ఏడు? ఎంత వయసు?

చీర గురించి తర్వాత. మొదలు కాయితం మీద రెండు ముచ్చట్లు రాసుకోవాలె. మనం సూపిస్తున్న కథ ఏ కాలంల జరిగింది? అప్పటికి ఆ మనిషికి ఎన్నేండ్లు?

ఐలమ్మ కథల నడిమి ఘట్టం పంట ఘట్టం. పాలకుర్తిల మల్లంపల్లి దొరల భూమి కౌలుకు తీసుకోని సాగు చేసింది. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి ఆ పంటను, ఆ భూమిని గుంజుకోవాలని మనుషులను తోలిండు. ఆంధ్ర మహాసభ సంఘపోళ్లు ఆమె ఎంబడి నిలవడి పంట కోసి ఆమె ఇంటికే చేర్సిన్రు. ఇది 1940ల నడిమి ముచ్చట. దొడ్డి కొమురయ్య కడివెండిల తూటాకు ఒరిగిన 1946 జులై 4కు అటు ఇటు కాలం. సర్కారు జరిపే జయంతి లెక్కన ఆమె పుట్టింది 1895ల. అంటే అప్పటికి ఆమెకు యాభై ఏండ్లు దగ్గర వడ్డయి.

గీ లెక్క చేస్తే సగం వేషం తయారైనట్టే. మనం సూపిస్తున్నది పడుసు పిల్లను కాదు. మనకు ఫొటోల కనవడే ముసలవ్వను గూడ కాదు. ఆ ఫొటో పోరాటం అయిపోయి ఏండ్లకేండ్లు గడిచినంక తీసింది. దాన్ని సూసి నెత్తికి తెల్ల పౌడర్ కొట్టి, నడుం వంచి, వణుక్కుంట నడిపిస్తే పంట ఎత్తుకొచ్చిన ఐలమ్మ ఎక్కడున్నది? పిల్లలు పెద్దగయిన తల్లి, ఎండల ఎండిన ఒళ్లు, గట్టి నడక, కనుతల కాడ రెండు నెరిసిన ఎంట్రుకలు. గిదీ అప్పటి మనిషి.

ఎక్కడ ఎతకాలె?

మూడు తావులు ఉన్నయి.

ఒకటి, పుస్తకాలు. స్త్రీశక్తి సంఘటన వాళ్లు పోరాటంల ఉన్న ఆడోళ్ల మాటలను వాళ్ల నోటితోనే రాసి 1986ల "మనకు తెలియని మన చరిత్ర" తెచ్చిన్రు. పుచ్చలపల్లి సుందరయ్య పోరాటం మీద రాసిన పుస్తకం ఉన్నది. ఇవి సదివేటప్పుడు కథ మీదనే కాదు, చేతులల్ల ఏమున్నది, ఒంటి మీద ఏమున్నది, ఏ పని చేస్తుండంగ జరిగింది అన్న దాని మీద గూడ పెన్సిల్ గీత గీసుకోవాలె.

రెండు, ఫొటోలు. సునీల్ జానా తెలంగాణకు వచ్చి దళాల ఫొటోలు తీసిండు. అవి ఇప్పటికీ దొరుకుతయి. గని ఫొటోకు ఒక గుణం ఉంటది. ఫొటో దిగేటోళ్లు కొద్దిగ సర్దుకోని నిలవడ్తరు. రోజు కట్టిన తీరు, ఫొటోకు కట్టిన తీరు ఒక్కటి కాకపోవచ్చు. ఇంకోటి, నలుపు తెలుపు ఫొటోల రంగు తెల్వది. నల్లగ కనవడ్డది ఎరుపు గూడ కావొచ్చు, నీలం గూడ కావొచ్చు.

మూడు, మనుషులు. అన్నిటి కన్న ఇదే పెద్ద గ్రంథాలయం. ఎనబై ఏండ్ల అవ్వలు ఇంకా ఊర్లల్ల ఉన్నరు. వాళ్ల తల్లులు ఐలమ్మ కాలపోళ్లు. అయితే "అప్పుడు ఏం బట్టలు కట్టేటోళ్లు అవ్వా?" అని అడిగితే "ఏం బట్టలు బిడ్డా, పాత బట్టలే" అంటది. అడిగే తీరు మార్చాలె. మీ అమ్మ నాటుకు వోయేటప్పుడు కొంగు ఎటు చెక్కేది? ఏటికి ఎన్ని చీరలు వచ్చేటియి? పండుగ చీర ఏ పెట్టెల దాసేది? చీర పాతగయితే దాన్ని ఏం చేసేటోళ్లు? గిట్ల అడిగితే అవ్వ లేసి నిలవడి కట్టి సూపిస్తది. ఆ ఒక్క గంట పది పుస్తకాల పెట్టు.

గోచి ఎందుకు పెట్టాలె?

మనోళ్లు చేసే పెద్ద పొరపాటు ఇక్కడనే ఉన్నది. ఐలమ్మకు ఇప్పటి లెక్క కుచ్చిళ్లు వోసి, లోపల లంగా తొడిగి, పిన్నీసులు వెట్టి చీర గడ్తరు. తెలంగాణ పల్లెల పనిజేసే ఆడోళ్లు ఆ కాలంల ఎక్కువగ కట్టింది గోచి చీర. ఎనిమిది, తొమ్మిది గజాల నూలు చీర. కుచ్చిళ్లను కాళ్ల నడుమ నుంచి ఎనుకకు తీసి నడుం కాడ చెక్కుతరు. మోకాలు ఆడుతది. బురదల దిగొచ్చు, ఒంగొచ్చు, నెత్తి మీద మూట వెట్టుకోని గట్టు దాటొచ్చు, అవసరమైతే ఉరకొచ్చు. అది ఆడోళ్ల పని బట్ట.

ఇప్పటి చీర ఆరు గజాల లోపే ఉంటది. పెద్ద మనిషికి గోచి వెట్టాలంటే సాలదు. ఒక్కతీరు నూలు చీరలు రెండు తీసుకోని అతికితే కుట్టు ఎనుక మడతలల్ల దాగుతది. పదేండ్ల పిల్లకైతే ఒక్క చీర సరిపోతది.

ఇక్కడ ఒక ఇబ్బంది ఉన్నది. ఆడపిల్లలు గోచి అంటే సిగ్గువడ్తరు. పక్కన పిల్లగాండ్లు నవ్వుతరు. టీచర్లు గూడ "వద్దులే, మామూలుగనే కడదాం" అంటరు. అక్కడనే ఆగి పిల్లలకు చెప్పాలె. గా బట్ట మీదనే మన నాయినమ్మలు నాట్లేసిన్రు, కోతలు కోసిన్రు, గడీల ముంగట నిలవడ్డరు. నవ్వేటోడు తినే బువ్వ గా గోచి కట్టిన చేతుల కెళ్లే వచ్చింది. లోపల పొట్టి లాగు తొడిగితే పిల్లకు ధైర్యం ఉంటది. వేషం కోసం పిల్లను బాధ పెట్టుడు వద్దు. సమజాయించినంక గూడ వద్దంటే వద్దు.

బట్ట ఏం బట్ట?

నూలు. ఇంకో మాట లేదు. పాలిస్టర్ దారాన్ని ఇంగ్లండ్‌ల కనుక్కున్నదే 1941ల. మన ఊర్లకు వచ్చేసరికి ఇంకో తరం దాటింది. గందుకే మెరిసే చీర కట్టిన ఐలమ్మ దూరం నుంచే అబద్ధంగ కనవడ్తది. పట్టు పోచంపల్లి గూడ వద్దు. అక్కడ పట్టు నేసుడు స్వాతంత్ర్యం తర్వాతి ముచ్చట. ముదురు రంగు, సన్న అంచు, చేనేత నూలు చీర దొరికితే అదే మంచిది. కొనుడు ఎందుకు, ఇంట్ల అవ్వ కట్టిడిసిన చీర ఉంటది. దానికి పైస ఖర్చు లేదు.

కొత్త బట్టను పాతగ చేసుడు ఒక విద్య. చానమంది కత్తెరతోని చింపుతరు, మట్టి రుద్దుతరు. ఇక్కడ ఒక్క నిమిషం ఆలోచన చెయ్యాలె. ఐలమ్మ ఎవరు? చాకలి. ఊరందరి బట్టలు ఉతికిన కులం. సౌడు వెట్టి, బానల ఉబ్బ వేసి, రేవు బండ మీద కొట్టి, జీడి రసంతోని గుర్తు వెట్టి, ఏ ఇంటి బట్ట ఆ ఇంటికి చేర్సిన చేతులు. బట్ట గురించి ఆ ఇంటోళ్లకు తెలిసినంత ఊర్ల ఇంకెవలికీ తెల్వది. గసొంటి ఇంటి మనిషికి మురికి చీర కట్టిస్తరా? ఆమె చీర పాతది కావొచ్చు. మురికిది ఎందుకైతది?

అందుకే ఐలమ్మ చీరను మట్టితోని కాదు, ఉతుకుతోని పాతగ చెయ్యాలె. చాకలి సోడా ఏసిన ఏడి నీళ్లల్ల నానవెట్టి, నాలుగైదు సార్లు ఉతికి, ఎర్రటి ఎండల ఆరెయ్యాలె. రంగు దిగి, నూలు మెత్తగయితది. మోకాళ్ల కాడ, కూసునే కాడ, మూట ఆనే భుజం కాడ గరుకు రాయితోని మెల్లగ రుద్దాలె. బట్ట నిజంగ అరిగేది అక్కడనే. అతుకు వెయ్యాలంటే ఒక్కటి సాలు, అదీ సన్నగ, చక్కగ కుట్టాలె. పేదరికం అంటే ఒద్దిక లేకపోవుడు కాదు. పొలం సీన్‌ల మాత్రం అంచుకు ఇంత బురద ఉండొచ్చు. అది పని మరక.

ఒంటి రంగు, సొమ్ములు

మొఖానికి నల్ల రంగు పుయ్యొద్దు. ఇది బతిమాలి చెప్తున్న. బీసీ, దళిత, ఆదివాసీ పాత్ర అనంగనే పౌడర్ డబ్బా పక్కకు వెట్టి నల్ల రంగు తీస్తరు. అది పాత్ర కోసం చేసేది కాదు, మన మనసుల ఉన్న కొలత. అదే తరగతిల కూసున్న చాకలోళ్ల బిడ్డ అది సూస్తది. "ఓహో, మేము గిట్ల కనవడ్తమన్నట్టు" అని ఇంటికి వోతది. వేషం కట్టిన పిల్ల చప్పట్లు కొట్టించుకుంటది, సూసిన పిల్ల తల దించుకుంటది. గా పిల్ల తల ఎత్తుకోని పోవాలె. ఐలమ్మ వేషం కట్టేది అందుకే.

సొమ్ములు తక్కువ. మెడల పుస్తెలు, చేతులకు మట్టి గాజులు, కాళ్లకు కడియాలు, ముక్కుకు పుల్ల. పనిజేసే ఆడోళ్ల మీద అప్పట్ల మామూలుగ కనవడేటియి ఇవే. చేతి మీద పచ్చబొట్టు కావాలంటే పెన్నుతోని ఏసుకోవచ్చు. ఎంట్రుకలు నూనె రాసి, దువ్వి, గట్టిగ సిగ వెయ్యాలె. ఇరవోసుకున్న జుట్టు సినిమా కోపం. పొలంల ఉన్న ఆడామె జుట్టు ముడుసుకునే ఉంటది.

చేతుల ఏం వెట్టాలె?

అట్టతోని చేసిన తుపాకి వెట్టిన ఐలమ్మలను సూసిన. చేతుల తుపాకి ఉంటే వీరనారి అన్నట్టు. గని కాలం సూడాలె. రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ కలిసి సాయుధ పోరాటానికి పిలుపు ఇచ్చింది 1947 సెప్టెంబర్ 11న. ఐలమ్మ పంట ఘట్టం దానికి ముందటిది. అప్పటి ఆయుధాలు గుత్పలు, వడిసెలలు, రోకండ్లు, కారంపొడి, కొడవండ్లు. అంటే ఇంట్ల, పొలంల ఉన్న పనిముట్లే. తుపాకి వెడితే పోరాటం పెద్దగ కనవడ్తదనుకుంటరు గని నిజానికి చిన్నగ అయితది. తుపాకి లేకుంటనే దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలవడ్డదన్నదే కదా అసలు ముచ్చట.

కొడవలి వెడితే పట్టుకునే తీరు నేర్పాలె. కోసేటోళ్లు పట్టుకునే తీరు ఒకటి, ఫొటోకు ఎత్తి సూపే తీరు ఒకటి. పిల్లల చేతికి అట్ట కొడవలే ఇయ్యాలె. ఇనుపది వద్దు.

దొరకు ఎవల టోపీ వెడుతున్నరు?

ఐలమ్మ ఒక్కతే రాదు కదా. ఎదురుంగ దొర ఉంటడు. ఇక్కడ చేసే తప్పు చిన్నది కాదు. ఈ మధ్య నాటకాలల్ల దొర మాయమైతున్నడు. ఆయన జాగల గడ్డం, టోపీ వెట్టిన రజాకారు ఒక్కడే మిగులుతున్నడు. రజాకార్లు ఊర్లల్ల చేసిన అన్యాయం చరిత్రల ఉన్నది, దాన్ని దాసేది లేదు. గని ఐలమ్మ భూమి మీదికి వచ్చింది విసునూరు దేశ్‌ముఖ్. ఆయన రెడ్డి దొర. అదే దేశ్‌ముఖ్ మీద భూమి కోసం కోర్టులల్ల కొట్లాడి, ఆయన గుండాల చేతిల ప్రాణం ఇడిసినోడు కామారెడ్డిగూడెం షేక్ బందగీ. రజాకార్లకు ఎదురుంగ కలం వట్టి 1948 ఆగస్టుల హత్యకు గురైనోడు షోయబుల్లా ఖాన్. సాయుధ పోరాటానికి పిలుపు ఇచ్చినోళ్లల్ల మఖ్దూం ఒకడు.

అసొంటప్పుడు దుర్మార్గులందరికీ ఒక్కటే టోపీ వెడితే, పిల్లల మనసుల పడేది చరిత్ర కాదు, ఇసం. దొరకు దొర బట్టలే వెయ్యాలె. తెల్ల ధోతి, మీద కోటు, నెత్తికి రుమాలు, కాళ్లకు కిర్రుచెప్పులు, చేతుల కట్టె. ఆయన బట్ట మీద ఒక్క ముడత ఉండొద్దు. ఆ బట్టను ఉతికింది ఎవరో సూసేటోళ్లకు యాదికి రావాలె. ఒక్క మాట మాట్లాడకుంటనే రెండు వేషాలు ఎట్టికథ చెప్తయి.

అడగకుంట కట్టొద్దు

ఇంకో ఉదాహరణ చెప్త. 2020 అక్టోబర్ 22న, కొమురం భీం జయంతి నాడు, "ఆర్ఆర్ఆర్" సినిమా టీజర్ వచ్చింది. భీం పాత్రకు కండ్లకు సుర్మా, నెత్తికి టోపీ సూసి ఆదివాసీలు లొల్లి చేసిన్రు. కథల అది మారువేషం అని 2022ల సినిమా వచ్చినంక తెలిసింది. ఊహల కథ మాకు ఇష్టమున్నట్టు తీసుకుంటం అని సినిమావాళ్లు అనొచ్చు. గని జల్, జంగల్, జమీన్ కోసం పాణమిచ్చిన మనిషిని దేవునోలె కొలిచే జాతి ఒకటున్నది. వాళ్లకు ఆ పేరు ఊహ కాదు. ముందుగాల పోయి అడిగితే, చెప్తే, కూసోని మాట్లాడితే సగం లొల్లి ఉండకపోవు.

భీం వేషానికి ఎతకాలంటే తావులు లేక కాదు. హైమన్‌డార్ఫ్ 1940లల్ల ఆదిలాబాద్ అడవులల్ల, మార్లవాయిల ఉండి గోండుల బతుకు రాసిండు, ఫొటోలు తీసిండు. వాటిల గోండుల తలపాగ, ధోతి, సొమ్ములు కనవడ్తయి. గని కొన్ని వేషాలు ఎంత ఎతికినా మనం కట్టేటియి కావు. నెమలీకల టోపీ సూడసక్కగున్నదని చానమంది పిల్లలకు గుస్సాడి వేషం కడ్తరు. దండారిల గుస్సాడి అంటే దీక్ష. ఆ రోజులల్ల ఒంటికి బూడిద పూసుకోని, స్నానం చెయ్యకుంట, నియమంతోని ఉంటరు. మార్లవాయి కనకరాజు లాంటోళ్లు జిందగీ అంతా దానికే ఇచ్చిన్రు, 2021ల పద్మశ్రీ వచ్చింది. అది వాళ్ల దేవుడు. ఫ్యాన్సీ డ్రెస్ పోటీల మూడో బహుమతి కాదు. ఎవల బట్ట కట్టొచ్చు, ఎవల బట్ట ముట్టొద్దు అని తెలుసుకునుడు గూడ ఎతుకులాటల భాగమే.

ఐలమ్మ వేషానికైతే మీ ఊర్ల రజక సంఘపోళ్లను, చాకలి కుటుంబాలను పిలువుర్రి. కట్టిన వేషం ముందుగాల వాళ్లకు సూపెట్టుర్రి. "గిట్ల కాదు సారూ" అంటే మార్చుర్రి. వాళ్లు సరే అన్నంకనే స్టేజీ ఎక్కియ్యుర్రి.

ఆఖరుకు రిహార్సల్

వేషం తయారైనంక ఆ రోజే కట్టుకోని స్టేజీ ఎక్కొద్దు. వారం ముందు నుంచి ఆ చీరల నడవాలె, ఒంగాలె, కూసోవాలె, నెత్తి మీద మూట ఎత్తాలె. గోచి కట్టినంక నడక మారుతది. అడుగు పెద్దగయితది, ఎన్ను నిటారుగ అయితది. పిల్లకు డైలాగు నేర్పుడు కన్న ముందే బట్ట ఆ మనిషిని నేర్పుతది. గది సూసినంక డైలాగులల్ల సగం కొట్టేసినా నడుస్తది.

ఈ పని అంతటికీ పైసలు పెద్దగ పట్టయి. టైం పడ్తది. కిరాయి దుకాణంల ఐలమ్మ సెట్ అని కవర్ల దొరుకుతది, పది నిమిషాల్ల పని అయిపోతది. గని పిల్లలను ఎంబడి వెట్టుకోని ఒక్క ఆదివారం ఊర్ల ముసలవ్వ ఇంటికి వోయి, ఆమె పాత చీర అడిగి, ఆమె చేతనే కట్టిచ్చుకుంటే ఆ పిల్ల ఐలమ్మను జిందగీల మర్వది. జయంతికి నెల ముందే మొదలువెట్టుర్రి. ముసలవ్వలు ఎన్నడు ఉంటరో, ఎన్నడు పోతరో తెల్వది. వాళ్లతోని గోచి కట్టే తీరు పోకముందే అడుగుర్రి.